మాట వినపడాలంటే: మన ఇళ్లలో హోమ్ థియేటర్ ఎంపిక

హోమ్ థియేటర్ కొందామని షాపుకు వెళితే ఎదురయ్యే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: 5.1 కావాలా, 7.1 కావాలా, అట్మాస్ (తల మీది నుంచి కూడా శబ్దం వచ్చే రకం) కావాలా? రెండో ప్రశ్న, ఎన్ని వాట్లది చూపించమంటారు అని. ఈ రెండు అంకెల చుట్టూనే బేరం నడుస్తుంది, పెట్టెలు ఇంటికి వచ్చేస్తాయి. నెల తిరక్కుండానే ఇంట్లో ఒక ఫిర్యాదు మొదలవుతుంది. ఫైట్ వస్తే కిటికీ అద్దాలు అదిరిపోతున్నాయి, మాటలు వస్తే మాత్రం ఒక్క ముక్క అర్థం కావట్లేదు. సినిమా అయ్యేదాకా రిమోట్ చేతిలోనే ఉంటుంది, సౌండ్ పెంచడం, తగ్గించడం, మళ్లీ పెంచడం. దీనికి చాలాసార్లు కారణం కంపెనీ కాదు, పెట్టిన డబ్బు తక్కువ కావడమూ కాదు. గదిని చూసుకోకుండా, మాటల్ని వినిపించే స్పీకర్‌ను పట్టించుకోకుండా, ఛానళ్ల లెక్క చూసి కొనడమే అసలు పొరపాటు. బడ్జెట్ ఎంతైనా సరే, దాన్ని ఏ వరుసలో ఖర్చు పెడతామన్నదే ఫలితాన్ని తేలుస్తుంది.

మన ఇళ్లు ఎలా కడతామో ఒకసారి గుర్తు చేసుకుందాం. ఇటుక గోడ, దానిమీద సిమెంటు ప్లాస్టరింగ్, పుట్టీ, పెయింటు. కింద విట్రిఫైడ్ టైల్స్ లేదా గ్రానైట్. పైన కాంక్రీటు శ్లాబు. హాలుకు ఒకవైపు బాల్కనీలోకి పెద్ద అద్దాల తలుపు. వీటిలో ఏదీ శబ్దాన్ని పీల్చుకునే రకం కాదు. తగిలిన శబ్దంలో నూటికి తొంభై అయిదు వంతులకు పైగా వెనక్కి తిప్పి కొడతాయి. ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో ఎక్కువ భాగం అమెరికా ఇళ్లను మనసులో పెట్టుకుని చెప్పినవి. అక్కడ చెక్క ఫ్రేములకు బిగించిన జిప్సమ్ బోర్డు గోడలు ఉంటాయి, చాలా గదుల్లో నేలంతా కార్పెట్ ఉంటుంది. ఆ పల్చటి గోడ తానే కాస్త కంపించి బేస్‌ను కొంత మింగేస్తుంది, కార్పెట్ పై స్వరాలను మింగేస్తుంది. మన గదికి ఆ రెండు సాయాలూ లేవు. అందుకే అక్కడ బ్రహ్మాండంగా ఉందని రాసిన స్పీకరే ఇక్కడ గీపెడుతున్నట్టు వినిపించవచ్చు.

ఇది ఎంత తేడా తెస్తుందో లెక్క వేసి చూడవచ్చు. 1890ల్లో హార్వర్డ్‌లో పనిచేసిన వాలెస్ సబీన్ కనుక్కున్న సూత్రం ఇప్పటికీ దీనికి పనికొస్తుంది. శబ్దం ఆగిపోయాక గదిలో అది 60 డెసిబెల్స్ (శబ్ద స్థాయిని కొలిచే ప్రమాణం) పడిపోవడానికి ఎంత సమయం పడుతుందో ఆ సూత్రం చెబుతుంది. 14 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న ఖాళీ గదిని తీసుకుంటే, గోడలు, నేల, కప్పు అన్నీ కలిపి సగటున 3 శాతం శబ్దాన్నే పీల్చుకుంటాయనుకుంటే, ఆ సమయం 3 సెకన్ల పైన తేలుతుంది. సోఫా, పరదాలు, టీవీ యూనిట్ వచ్చాక అది సెకను చుట్టుపక్కలకు దిగుతుంది. సినిమా మాటలు తేటగా వినాలంటే 0.3 నుంచి 0.5 సెకన్ల మధ్య ఉండాలి. మామూలుగా మాట్లాడేటప్పుడు సెకనుకు ఐదారు అక్షరాలు పలుకుతాం. గది ఒక సెకను పాటు మోగుతూ ఉంటే ముందు పలికిన నాలుగైదు అక్షరాల తోక ఇప్పుడు పలుకుతున్న అక్షరం మీద పడుతుంది. సౌండ్ పెంచితే ఆ తోక కూడా పెరుగుతుంది. మాట వినపడడం లేదని ఎంత వాల్యూమ్ పెంచినా అర్థం కాకపోవడానికి కారణం ఇదే.

గది పరిస్థితి తెలుసుకోవడానికి పరికరాలేమీ అక్కర్లేదు. కూర్చునే చోట నిలబడి గట్టిగా ఒకసారి చప్పట్లు కొడితే చాలు. చప్పుడు వెంటనే అణిగిపోతే మంచిది. ట్రర్ర్‌మని గోడల మధ్య పరుగెత్తినట్టు వినిపిస్తే ముందు గదికి ఖర్చు పెట్టాలి, స్పీకర్లకు తర్వాత.

ఆ ఖర్చు పెద్దదేమీ కాదు. స్పీకర్లకూ సోఫాకూ మధ్య నేలమీద మందపాటి తివాచీ పరిస్తే మొదటి మార్పు అక్కడే తెలుస్తుంది. ఇక్కడ ఒక తేడా గమనించాలి. వరంగల్ జంపఖానా అందంగా ఉంటుంది, గట్టిగా మన్నుతుంది, కానీ అది పల్చటి నూలు నేత. పై స్వరాలను కాస్త తగ్గించడం తప్ప ఎక్కువ చేయలేదు. ఏలూరులో నేసే ఉన్ని తివాచీల లాంటి, కుచ్చు ఒత్తుగా ఉన్న రకం మాట స్పష్టతకు బాగా పనిచేస్తుంది, కింద ఫెల్ట్ పరిస్తే ఇంకా మంచిది. పరదాలు బరువైన గుడ్డతో, లైనింగ్ వేసి, కిటికీ వెడల్పుకు రెండింతల గుడ్డ మడతలు పడేలా కుట్టించాలి. సాగదీసి కట్టిన పల్చటి పరదా వల్ల ఏమీ ఒరగదు. ఎగుడుదిగుడుగా పుస్తకాలు పెట్టిన అలమర శబ్దాన్ని చెల్లాచెదరు చేస్తుంది.

గుడ్ల అట్టల్లా కనిపించే అంగుళం మందం ఫోమ్ ముక్కలను గోడలకు అతికించడం ఇప్పుడు ఫ్యాషన్ అయింది. అవి పై స్వరాలను మాత్రమే చంపి, మధ్య స్వరాలను, బేస్‌ను అలాగే వదిలేస్తాయి. గది మందంగా, మూగగా మారుతుంది, మాట మాత్రం తేటపడదు. వాటి బదులు ఘనపు మీటరుకు 48 లేదా 64 కిలోల సాంద్రత ఉన్న రాక్‌వూల్ (రాతి పోగుల దూది) స్లాబులు తెచ్చి, మూడు నాలుగు అంగుళాల లోతు చెక్క ఫ్రేములో పెట్టి, గాలి ఆడే గుడ్డ చుట్టిస్తే ఏ కార్పెంటరైనా ప్యానెల్స్ చేసి ఇవ్వగలడు. దాని పోగులు గాల్లోకి రాకుండా లోపల ఒక పల్చటి పొర వేయించాలి. ఎక్కడ బిగించాలో తెలియాలంటే సోఫాలో ఒకరు కూర్చోవాలి, ఇంకొకరు పక్క గోడ వెంట అద్దం జరుపుతూ పోవాలి. అద్దంలో స్పీకర్ ఎక్కడ కనిపిస్తే ప్యానెల్ స్థానం అక్కడే. రెండు పక్క గోడలకు చెరొకటి, సోఫా వెనక గోడకు ఒకటి రెండు పెడితే మామూలు హాలుకు సరిపోతుంది.

గది సంగతి ఇంత చెప్పాక వెంటనే చూడాల్సింది సెంటర్ స్పీకర్‌ను. 5.1లో ముందు మూడు, వెనక లేదా పక్కన రెండు, ఒక సబ్‌వూఫర్ (లోతైన బేస్ కోసమే ఉండే పెట్టె, చుక్క తర్వాతి 1 అదే) ఉంటాయి. సినిమా మిక్సింగ్‌లో మాటల్లో అధిక భాగం మధ్యలో ఉన్న ఈ ఒక్క స్పీకర్‌కే పంపుతారు. అంటే రెండున్నర గంటల సినిమాలో అన్నిటికంటే ఎక్కువ పని చేసేది ఇదే. సెట్లుగా అమ్మే సరుకులో మాత్రం చాలాసార్లు అన్నిటికంటే చిన్నదీ, చవకదీ ఇదే. దాన్ని తెచ్చి టీవీ యూనిట్ అరలో వెనక్కి నెట్టేస్తారు, ముందు సెట్‌టాప్ బాక్సు, ఫొటో ఫ్రేము పెడతారు. అరలో ఇరుక్కున్న స్పీకర్ మాట ముక్కుతో మాట్లాడుతున్నట్టు వస్తుంది. స్పీకర్ ముఖం అర అంచుకు సమానంగా, వీలైతే ఒక అంగుళం బయటికి ఉండాలి. టీవీ కింద, మోకాళ్ల ఎత్తులో పెట్టినప్పుడు ముందు భాగం కాస్త పైకి లేపి, వినేవాళ్ల ముఖాల వైపు చూసేలా చేయాలి. రెండు రబ్బరు ముక్కలు చాలు ఈ పనికి.

ఇంకో సమస్య ఆ స్పీకర్ తయారీలోనే ఉంది. అడ్డంగా పడుకోబెట్టిన పెట్టెలో నడుమ ట్వీటర్ (పై స్వరాలు పలికే చిన్న డ్రైవర్), అటూ ఇటూ రెండు వూఫర్లు (కింది స్వరాలు పలికే పెద్ద డ్రైవర్లు) ఉండే రకం ఎక్కువగా దొరుకుతుంది. ఎదురుగా కూర్చున్నవాళ్లకు ఇది బాగానే ఉంటుంది. సోఫా చివర కూర్చున్నవాళ్లకు రెండు వూఫర్ల దూరంలో తేడా వచ్చి, కొన్ని స్వరాల దగ్గర ఒకదాని శబ్దాన్ని ఇంకొకటి రద్దు చేస్తుంది. ఆ స్వరాలు సరిగ్గా మాటకు ముఖ్యమైన మధ్య భాగంలో పడతాయి. ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే ఇంట్లో ఇది చిన్న లోపం కాదు. నడుమ ట్వీటర్, దాని కిందే చిన్న మిడ్ డ్రైవర్, పక్కల రెండు వూఫర్లు ఉన్న త్రీవే రకం, లేదా కెఫ్ కంపెనీ చేసినట్టు వూఫర్ మధ్యలోనే ట్వీటర్ ఉండే రకం ఈ సమస్యను చాలావరకు తప్పిస్తాయి. స్థలం ఉంటే ఇంకా సులువైన దారి ఒకటుంది. ఎడమ, కుడి పెట్టినలాంటి బుక్‌షెల్ఫ్ (అరలో లేదా స్టాండు మీద పెట్టే చిన్న) స్పీకరే మూడోది తెచ్చి నిలువుగా మధ్యలో పెట్టడం. మూడూ ఒకే సిరీస్ కావడం ముఖ్యం. లేకపోతే కారు ఎడమ నుంచి కుడికి వెళుతుంటే మధ్యలో ఇంజిను గొంతు మారిపోతుంది.

మాట తక్కువగా, చప్పుడు ఎక్కువగా వినిపించడానికి సినిమా మిక్సింగ్‌లోనూ కారణం ఉంది. థియేటర్ ప్రమాణంలో ఒక్కో ప్రధాన ఛానల్ గరిష్ఠంగా 105 డెసిబెల్స్ దాకా, బేస్ ఛానల్ 115 దాకా వెళ్లవచ్చు. మాట అంతకన్నా ఎంతో కింద ఉంటుంది. ఇంట్లో అంత సౌండ్ పెట్టం. మొత్తం తగ్గించేసరికి మాట ఫ్యాను, ఏసీ, వంటింటి చప్పుళ్లలో కలిసిపోతుంది. రిసీవర్ (శబ్దాన్ని విడదీసి స్పీకర్లన్నిటికీ పంపే యాంప్లిఫయర్ పెట్టె) మెనూలో సెంటర్ లెవెల్ ఒక్కటే రెండు మూడు డెసిబెల్స్ పెంచుకోవచ్చు. నైట్ మోడ్ అనో, డైనమిక్ రేంజ్ అనో ఉండే సెట్టింగ్‌ను ఆన్ చేస్తే పెద్ద చప్పుళ్లు దిగి, చిన్న మాటలు పైకొస్తాయి. సినిమాను సినిమాలా వినాలనేవాళ్లు దీన్ని తప్పుగా చూస్తారు గానీ, రాత్రి పదకొండింటికి పక్క గదిలో పిల్లలు పడుకుని ఉంటే ఇదే సరైన పద్ధతి.

ఎడమ, కుడి స్పీకర్ల విషయంలో టవర్లా (నేలమీద నిలబడే పొడుగాటివి), బుక్‌షెల్ఫా అన్న చర్చ ఎక్కువగా జరుగుతుంది. సబ్‌వూఫర్ ఉన్నప్పుడు 80 హెర్ట్జ్ (సెకనుకు 80 కంపనాలు) కింది బేస్ పని అంతా దానికే వెళుతుంది కాబట్టి టవర్ పెద్ద వూఫర్లకు పెట్టిన డబ్బు చాలావరకు ఖాళీగా కూర్చుంటుంది. ఆరు, ఆరున్నర అంగుళాల వూఫర్ ఉన్న మంచి బుక్‌షెల్ఫ్ జత, గట్టి స్టాండ్లు, ట్వీటర్ చెవి ఎత్తుకు వచ్చేలా అమర్చితే 12, 14 అడుగుల గదికి సరిపోతుంది. మనవాళ్లు సినిమాలతో పాటు పాటలు కూడా ఇదే సిస్టమ్ మీద వింటారు. కాబట్టి ఈ రెండింటి నాణ్యతలో రాజీ పడకూడదు.

నాణ్యత అంటే ఏమిటన్నదానికి కెనడా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లోనూ, తర్వాత హార్మన్ అనే ఆడియో కంపెనీలోనూ శాస్త్రవేత్త ఫ్లాయిడ్ టూల్ బృందం దశాబ్దాల పాటు చేసిన పరీక్షలు మంచి సమాధానం ఇచ్చాయి. ఏ స్పీకర్ ఏదో కనిపించకుండా తెర వెనక దాచి వినిపించినప్పుడు, ఎక్కువ మంది ఎంచుకున్నవి రెండు లక్షణాలున్న స్పీకర్లు. ఎదురుగా కొలిచినప్పుడు అన్ని స్వరాలూ సమంగా రావాలి. పక్కలకు పోయే శబ్దం కూడా అదే తీరులో, గతుకులు లేకుండా తగ్గుతూ రావాలి. ఈ రెండోది మన గదులకు మరీ ముఖ్యం, ఎందుకంటే పక్కకు పోయిన శబ్దమంతా గట్టి గోడలకు కొట్టుకుని తిరిగి మన చెవికే వస్తుంది. చాలా మోడళ్లకు ఈ కొలతలు స్పినోరమా అనే గ్రాఫుల రూపంలో ఉచితంగా దొరుకుతున్నాయి. గీతలు ఎంత నున్నగా ఉంటే అంత మంచిది, ఇంతకుమించి చదవడం రాకపోయినా పరవాలేదు.

షాపులో వినేటప్పుడు బాగా తెలిసిన పాట, బాగా తెలిసిన గొంతు ఉన్న మాటల సీను తీసుకెళ్లాలి. రెండు స్పీకర్లను పోల్చేటప్పుడు రెండూ ఒకే స్థాయిలో మోగుతున్నాయో లేదో ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ పెట్టి చూసుకోవాలి. ఒక్క డెసిబెల్ ఎక్కువ ఉన్నదే చెవికి మెరుగ్గా అనిపిస్తుంది. అమ్మాలనుకున్నదాన్ని కాస్త పెంచి వినిపించడం పాత అలవాటు.

వాట్ల గురించి ఇక్కడే తేల్చుకోవాలి. స్పీకర్ కాగితం మీద సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటుంది, ఉదాహరణకు 87 డెసిబెల్స్. ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో వచ్చే శబ్దం అది. మూడు మీటర్ల దూరంలో కూర్చుంటే సుమారు 77.5కు తగ్గుతుంది, గది కొంత కలిపి ఇస్తుంది. అంతా మూడు డెసిబెల్స్ పెంచాలంటే వాట్లు రెట్టింపు కావాలి, పది డెసిబెల్స్‌కు పదింతలు కావాలి. థియేటర్ ప్రమాణం కన్నా 15 డెసిబెల్స్ తగ్గించి వినే ఇంట్లో గరిష్ఠం 90 డెసిబెల్స్. అంటే 18 వాట్లు! 50 వాట్ల యాంప్లిఫయర్‌కూ 100 వాట్లదానికీ తేడా మూడే డెసిబెల్స్, చెవికి కొంచెం పెరిగినట్టు అనిపిస్తుంది అంతే. స్పీకర్ సెన్సిటివిటీ 87 బదులు 90 ఉంటే అదే లాభం ఉచితంగా వస్తుంది.

వాట్లు ఎలా కొలిచారన్నది ఇంకో సంగతి. 8 ఓమ్స్ (స్పీకర్ విద్యుత్ నిరోధం), 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా, రెండు ఛానళ్లు నడుస్తుండగా, 0.08 శాతం లాంటి తక్కువ డిస్టార్షన్‌తో (శబ్దం చెడిపోయే శాతం) అని రాసిన లైను నమ్మదగినది. 6 ఓమ్స్, 1 కిలోహెర్ట్జ్, ఒక్క ఛానల్, 10 శాతం డిస్టార్షన్ అని రాసిన లైను అట్ట మీద పెద్ద అక్షరాల్లో వేసుకోవడానికి. ఒకే రిసీవర్ మొదటి పద్ధతిలో 80 వాట్లదైతే, రెండో పద్ధతిలో అంతకు రెట్టింపుది అవుతుంది. ఇలాంటి ప్రకటనలను అదుపు చేయడానికే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే యాంప్లిఫయర్లకు ఒక నియమం తెచ్చింది. ఇక పీఎంపీఓ, అంటే క్షణకాలపు గరిష్ఠ వాట్లు, అని రాసిన అంకెను చదవనే అక్కర్లేదు. చవక సెట్ వెనక్కి తిప్పి అడాప్టర్ మీద చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. 24 వోల్టులు, 2.5 ఆంపియర్లు అని ఉంటే మొత్తం లోపలికి వెళ్లేదే 60 వాట్లు. అట్ట మీద వెయ్యి అని ఉన్నా, నిలకడగా 60 కన్నా ఎక్కువ బయటికి రావడం అసాధ్యం.

సబ్‌వూఫర్ విషయానికి వస్తే, దాని నాణ్యత ఎంతో అది ఉన్న చోటు కూడా అంతే ముఖ్యం. 12 అడుగుల దూరంలో ఎదురెదురుగా ఉన్న రెండు గోడల మధ్య 47 హెర్ట్జ్ దగ్గర కదలక నిలిచిపోయే ఒక తరంగం (స్టాండింగ్ వేవ్) ఏర్పడుతుంది. ఆ స్వరం గోడల దగ్గర బండగా మోగుతుంది, గది నడిమధ్యలో దాదాపు మాయమవుతుంది. 12 బై 12 చదరపు గదిలో రెండు జతల గోడలూ ఒకే స్వరం దగ్గర ఇలా చేస్తాయి కాబట్టి సమస్య రెట్టింపు. కొత్త ఇల్లు కట్టేటప్పుడు థియేటర్ గది అనుకున్నదాన్ని చదరంగా కట్టకపోతే ఈ ఇబ్బంది మొదట్లోనే సగం తీరుతుంది. ఉన్న గదిలో అయితే ఒక పాత చిట్కా ఇప్పటికీ అన్నిటికంటే నమ్మదగినది. సబ్‌వూఫర్‌ను తాత్కాలికంగా సోఫాలో కూర్చునే చోటే పెట్టి, బేస్ గిటార్ నడక స్పష్టంగా ఉన్న పాట వేసి, గోడల వెంట నేలకు దగ్గరగా వంగి తిరుగుతూ వినాలి. ప్రతి నోటూ సమంగా వినిపించిన చోటు దొరికితే సబ్‌వూఫర్‌ను అక్కడికి మార్చాలి. సోఫాను వెనక గోడకు ఆనించకుండా కనీసం అడుగున్నర ముందుకు జరిపితే కూడా తేడా తెలుస్తుంది.

హార్మన్‌లో టాడ్ వెల్టీ చేసిన పరిశోధన, ఒక పెద్ద సబ్‌వూఫర్ కన్నా ఎదురెదురు గోడల దగ్గర, ఒక్కో గోడ మధ్యలో పెట్టిన రెండు సబ్‌వూఫర్లు అన్ని సీట్లకూ సమమైన బేస్ ఇస్తాయని చూపింది. ఒక్కరే వినే గదికి ఒకటి చాలు. అయిదారుగురు కూర్చునే హాలుకు డబ్బు కుదిరినప్పుడు రెండోది కలపడం వెనక స్పీకర్లు కలపడం కన్నా మంచి ఖర్చు. సైజు అంటే 12 అంగుళాల కోన్ వైశాల్యం 8 అంగుళాలదానికి రెట్టింపు కన్నా ఎక్కువ, అది కదిలించే గాలి కూడా అంతే. అపార్ట్‌మెంట్లలో మాత్రం ఒక మాట మనసులో పెట్టుకోవాలి. 30, 40 హెర్ట్జ్ శబ్దాన్ని ఏ పరదా, ఏ ప్యానెల్ ఆపలేదు, అది శ్లాబు గుండా కింది ఫ్లాట్‌కు చేరుతుంది. రాత్రి పది దాటాక సబ్‌వూఫర్ లెవెల్ తగ్గించి పెట్టుకునే ఒక ప్రీసెట్ రిసీవర్‌లో ముందే సేవ్ చేసి ఉంచుకోవడం మర్యాద.

రిసీవర్ ఎంచుకునేటప్పుడు ఛానళ్ల సంఖ్య కన్నా రూమ్ కరెక్షన్ (గదికి తగ్గట్టు శబ్దాన్ని సరిదిద్దే సాఫ్ట్‌వేర్) ఏ రకమో చూడాలి. డెనాన్, మరాంట్జ్‌లలో ఆడిసీ, యమహాలో వైపావో, ఆంక్యో, నాడ్ లాంటి వాటిలో డిరాక్ ఉంటాయి. మైకుతో ఇచ్చే ఈ సాఫ్ట్‌వేర్ బేస్ గుట్టలను బాగా సవరిస్తుంది. గది మోగడాన్ని మాత్రం ఇది తగ్గించలేదు, తివాచీ చేసే పని దీనితో అవదు. మైకును సోఫా మీద పడేయకుండా ట్రైపాడ్‌కు బిగించి చెవి ఎత్తులో పెట్టాలి. ఫ్యాన్లు, ఏసీ ఆపేయాలి, వంటింట్లో మిక్సీ ఆగేదాకా ఓపిక పట్టాలి. పూర్తయ్యాక స్పీకర్లన్నీ స్మాల్ (బేస్‌ను సబ్‌వూఫర్‌కు వదిలేవి) అని, క్రాసోవర్ (బేస్ విడిపోయే హద్దు) 80 హెర్ట్జ్ అని ఉన్నాయో లేదో చూసుకోవాలి. కొన్నిసార్లు సాఫ్ట్‌వేర్ బుక్‌షెల్ఫ్‌ను కూడా లార్జ్ అని రాసుకుంటుంది, అప్పుడు సబ్‌వూఫర్‌కు వెళ్లాల్సిన బేస్ వెళ్లదు.

టీవీకి ఈ-ఆర్క్ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ వైరుతో రిసీవర్‌కు పంపే ఆర్క్ అనే దారిలో కొత్త రకం) లేదని పాత టీవీని మార్చనక్కర్లేదు. స్ట్రీమింగ్ యాప్‌లు ఇచ్చే అట్మాస్ డాల్బీ డిజిటల్ ప్లస్ రూపంలో వస్తుంది. 2009 నాటి హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చిన మామూలు ఆర్క్ దాన్ని మోయగలదు, ఆ టీవీ ఆ ఫార్మాట్‌ను బయటికి పంపేదైతే. టీవీకే కలిపిన బ్లూరే ప్లేయర్ నుంచి ట్రూహెచ్‌డీ (కుదించినా నాణ్యత తగ్గని డాల్బీ రకం) ఆడియోను రిసీవర్‌కు చేర్చాలంటేనే ఈ-ఆర్క్ కావాలి. అసలు చూడాల్సింది టీవీ సెట్టింగ్స్‌లో డిజిటల్ ఆడియో అవుట్. అది పీసీఎమ్‌లో ఉంటే ఆర్క్ గుండా రెండు ఛానళ్లే వెళతాయి, ఎన్ని స్పీకర్లున్నా వచ్చేది స్టీరియోనే. దాన్ని ఆటో లేదా పాస్‌త్రూకు మార్చి, రిసీవర్ ముందు డిస్‌ప్లేలో డాల్బీ పేరు వచ్చిందో లేదో చూడాలి. లక్షలు పెట్టి ఏళ్ల తరబడి స్టీరియో వింటున్న ఇళ్లు తక్కువేమీ లేవు.

హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీ లాంటి చోట్ల, జిల్లా కేంద్రాల్లోనూ, అసెంబుల్డ్ 5.1 యాంప్లిఫయర్లు చవగ్గా దొరుకుతాయి. రిపేరు చేసేవాళ్లు అందుబాటులో ఉండడం వీటికున్న పెద్ద బలం, పాటలకు అవి బాగానే పనిచేస్తాయి. కొనేముందు ఒక్కటి అడగాలి: లోపల డాల్బీ డీకోడర్ బోర్డు ఉందా? లేకపోతే అది స్టీరియోనే ఆరు చోట్లకు పంచుతుంది. పెన్‌డ్రైవ్‌లో 5.1 టెస్ట్ ఫైలు వేసుకెళ్లి, ఒక్కో స్పీకర్ పేరు చెబుతున్నప్పుడు ఆ స్పీకరే మోగుతోందో లేదో అక్కడే చూసుకోవచ్చు.

వెనక స్పీకర్లు, అట్మాస్ చివరికి వస్తాయి. హాలు, డైనింగ్ కలిసిపోయిన ఫ్లాట్లలో ఒకవైపు గోడే ఉండదు, అక్కడ పక్క స్పీకర్ ఎక్కడ పెట్టినా కుదరదు. అలాంటి ఇంట్లో మంచి 3.1 పెట్టుకుని ఆగిపోవడం 7.1 కొని ఇబ్బంది పడటం కన్నా ఎంతో మేలు. రమారమి మొత్తంలో సగం ముందు మూడు స్పీకర్లకు, నాలుగో వంతు సబ్‌వూఫర్‌కు, మిగిలింది రిసీవర్‌కు అనుకుంటే లెక్క కుదురుతుంది. వెనక రెండూ తర్వాత కొనవచ్చు. అవి కూర్చున్నవాళ్లకు పక్కనుంచి కాస్త వెనక్కి, టీవీ వైపు నుంచి కొలిస్తే 110 డిగ్రీల దగ్గర, చెవి కన్నా కొంచెం ఎత్తులో ఉండాలి. అట్మాస్‌కు మన శ్లాబు ఒక విషయంలో మేలే చేస్తుంది. శబ్దాన్ని పైకి కొట్టి కప్పు నుంచి కిందికి దింపే స్పీకర్లకు గట్టి, చదునైన కప్పు కావాలి, తొమ్మిది పది అడుగుల శ్లాబు దానికి సరిగ్గా అమరుతుంది. ఫాల్స్ సీలింగ్‌లో గూళ్లు, లైట్ల కోసం మెట్లు చేయించిన గదిలో మాత్రం అవి పనిచేయవు, అక్కడ సీలింగ్‌లోనే స్పీకర్లు బిగించుకోవాలి. అద్దె ఇల్లు, తరచూ మారే ఉద్యోగం అయితే వెనక స్పీకర్లతో, విడి సబ్‌వూఫర్‌తో వచ్చే మంచి సౌండ్‌బార్ తప్పేమీ కాదు.

అమెరికా నుంచి వచ్చే చుట్టాలతో పరికరాలు తెప్పించుకునే ఇళ్లకు ఒక హెచ్చరిక. అక్కడి రిసీవర్, పవర్డ్ సబ్‌వూఫర్ చాలావరకు 120 వోల్టులవి. మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే ఆ క్షణంలోనే పోతాయి. వెనక 100-240 అని స్పష్టంగా రాసి ఉంటే తప్ప స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా కలపకూడదు, వారంటీ కూడా ఇక్కడ చెల్లకపోవచ్చు. లోపల యాంప్లిఫయర్ లేని పాసివ్ స్పీకర్లకు మాత్రం ఈ బాధ లేదు, తెచ్చుకోవాలంటే అవి తెచ్చుకోవడం మంచిది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీర ప్రాంతాల్లో ఉండేవాళ్లు వూఫర్ చుట్టూ ఉండే వలయం రబ్బరుదా, ఫోమ్‌దా అని చూసి కొనాలి. ఉప్పగాలికి, తేమకు ఫోమ్ కొన్నేళ్లలో పొడిపొడిగా రాలిపోతుంది, పాత స్పీకర్లు కొనేటప్పుడు వేలితో మెల్లగా నొక్కి చూస్తే తెలిసిపోతుంది.

వైర్ల కోసం వేలకు వేలు పెట్టడం అనవసరం. రాగి పూత పూసిన అల్యూమినియం వైరును రాగి అని అమ్ముతుంటారు, కొస గీకి చూస్తే లోపల తెల్లగా కనిపిస్తుంది. అసలు రాగిది 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు పది మీటర్ల దాకా, అంతకు మించితే 2.5ది సరిపోతుంది. ఇల్లు కడుతున్నవాళ్లు శ్లాబు వేయకముందే ఎలక్ట్రీషియన్‌కు చెప్పి, టీవీ గోడ నుంచి వెనక రెండు మూలలకు, కప్పులో నాలుగు చోట్లకు, గదికి ఎదురెదురుగా సబ్‌వూఫర్ల కోసం రెండు చోట్లకు అంగుళం పైపులు వేయించి, ఒక్కోదానిలో లాగడానికి జీఐ తీగ వదిలి పెట్టించుకోవాలి. కరెంటు వైర్లు వెళ్లే పైపులోంచి వీటిని తీయకూడదు. హెచ్‌డీఎంఐ కోసం టీవీ వెనక నుంచి రిసీవర్ దగ్గరికి రెండు అంగుళాల పైపు కావాలి, మలుపుల దగ్గర ఎల్బో బదులు పెద్ద బెండ్ వాడాలి, లేకపోతే కనెక్టర్ తల అందులో ఇరుక్కుపోతుంది.